భూతాప విద్యుత్ కేంద్రం: ఉత్పత్తి పడిపోతే ముందు ఎక్కడ చూడాలి

మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టినప్పటి నుంచి హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు కూడా భూతాప విద్యుత్ గురించి, అంటే భూమి లోపలి వేడి నీళ్లతో, ఆవిరితో తీసే కరెంటు గురించి అడుగుతున్నారు. వాళ్లకు మొదట చెప్పేది ఒకటే: ఉత్పత్తి తగ్గగానే టర్బైన్ విప్పకండి. ముందు నీళ్ల సంగతి చూడండి. ఎన్ని వస్తున్నాయి, ఎంత వేడిగా వస్తున్నాయి, ఏం మోసుకొస్తున్నాయి?

ఒక్క బావిలోనే ప్రవాహం పడిపోతోంది

భూగర్భంలో నిల్వ తరిగితే ఆ దెబ్బ అన్ని బావులకూ తగులుతుంది. ఒక్కదానికే తగిలితే గొట్టంలో పెచ్చు కట్టిందేమోనని అనుమానించాలి. లోతులో ఒత్తిడి కింద ఉన్న నీళ్లు పైకొస్తూ ఒకచోట మరగడం మొదలవుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఆవిరిలో కలిసిపోతుంది, కాల్షియం కార్బొనేట్ గొట్టం గోడకు అంటుకుంటుంది. మన బోరు నీళ్లకు గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్ల పెచ్చులో ఎక్కువ భాగం ఇదే సరుకు.

నిర్ధారణకు గొట్టం లోపలి వెడల్పు చూసే గేజ్‌ను వైరుకు కట్టి దించండి. మరుగు మొదలయ్యే లోతు దగ్గర్లో అది ఇరుక్కుంటే సందేహం అక్కర్లేదు. కట్టిన పెచ్చును డ్రిల్లుతో గీకించాలి, లేదా యాసిడ్‌తో కరిగించాలి. యాసిడ్ కేసింగ్‌ను, అంటే బావి గోడకు వేసిన ఉక్కు గొట్టాన్ని, కూడా తింటుంది కాబట్టి తుప్పు నిరోధకం కలపకుండా పోయొద్దు. మళ్లీ కట్టకుండా ఉండాలంటే మరిగే చోటుకు దిగువ దాకా సన్న గొట్టం దించి, పెచ్చు నిరోధక రసాయనాన్ని కొద్దికొద్దిగా వదలాలి. అదే మందు పైనుంచి పోస్తే డబ్బు దండగ.

వాడిన నీళ్లు భూమిలోకి తిరిగి పోవడం లేదు

ఇక్కడ దోషి సాధారణంగా సిలికా. నీళ్లు చల్లారేకొద్దీ అది కరిగి ఉండలేక గట్టిపడుతుంది. ఇంకాస్త వేడి పిండుకుందామన్న ఆశతో నీళ్లను మరీ చల్లబరిస్తే ఇంజెక్షన్ బావి, అంటే వాడిన నీళ్లను తిరిగి లోపలికి పంపే బావి, మూసుకుపోతుంది. కొంచెం వేడిగానే వదలండి, లేదా ఆమ్లం కలిపి గట్టిపడటాన్ని ఆలస్యం చేయండి.

బావులన్నీ కలిసి నీరసిస్తున్నాయి

ఇది తోడకం ఎక్కువై, నింపడం తక్కువైన రోగం. కాలిఫోర్నియాలోని ‘ది గీజర్స్’ అనే భూతాప క్షేత్రంలో 1980ల చివర ఆవిరి ఒత్తిడి గట్టిగా పడిపోయింది. అక్కడ 1997 నుంచి లేక్ కౌంటీ, 2003 నుంచి శాంటా రోసా ఊళ్ల శుద్ధి చేసిన మురుగునీటిని పైపుల్లో తెచ్చి లోపలికి పంపుతున్నారు. పతనం నెమ్మదించింది. కానీ ఇంజెక్షన్ బావి మరీ దగ్గరుంటే చన్నీళ్లు నేరుగా ఉత్పత్తి బావికి చేరతాయి. ముందే ట్రేసర్, అంటే నీళ్ల దారి పట్టిచ్చే రసాయనం, కలిపి, అది ఏ బావిలో ఎన్నాళ్లకు తేలుతుందో చూసుకోవాలి.

పగలు తగ్గి, రాత్రికి కోలుకుంటోంది

బావిని తిట్టకండి. తక్కువ వేడికే మరిగే ద్రవంతో నడిచే బైనరీ ప్లాంట్లలో, ఆవిరిని గాలితో చల్లబరిచి మళ్లీ ద్రవం చేసే కండెన్సర్ ఉంటే, మే నెల మధ్యాహ్నం ఉత్పత్తి తగ్గి తీరుతుంది. కండెన్సర్ రెక్కల మీది దుమ్ము కడిగించండి, ఫ్యాన్లు చూడండి. నీళ్లుంటే ఎండ వేళల్లో తుంపర కొట్టించండి.

భూమి అదురుతోంది

భూమిలోకి నీళ్లు పంపడం తగ్గించండి, ఆపైన మాట్లాడుకుందాం. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో 2006లో భూతాప బావిలోకి నీళ్లు పంపుతుంటే 3.4 తీవ్రతతో కంపించింది, తర్వాత ప్రాజెక్టే మూసేశారు.

హైదరాబాద్‌లోనే తవ్వితే రాదా?

రాదు. మన కింద ఉన్నది కోట్ల ఏళ్ల నాడే చల్లారిన గ్రానైట్. లోతుకు పోయేకొద్దీ వేడి నిదానంగానే పెరుగుతుంది, పెద్ద వేడినీటి నిల్వా లేదు. వేడి నీళ్లు వాటంతట అవే పైకొచ్చే చోటు కావాలంటే గోదావరి లోయ వైపు చూడాలి. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు దేశమంతటా భూతాప ప్రవాహాన్ని, అంటే లోపలి నుంచి పైకొచ్చే వేడిని, కొలిచారు. రిగ్ బుక్ చేసే ముందు ఆ కొలతలు చదవండి.