ఏ రాతా లేని పాత తూటా దొరికితే గుర్తుపట్టడం ఎలా?

విజయనగరం, బొబ్బిలి వైపు పాత మండువా ఇళ్లు విప్పేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెల్లోంచి ఒక్కోసారి తుపాకీ తూటాలు బయటపడతాయి. వాటిలో ఏ రాతా లేని ఇత్తడి తూటా ఒకటి కనిపిస్తే చాలు, 'ఇది మిలటరీదే' అని తేల్చేస్తారు. తాత రంగూన్ నుంచి వస్తూ తెచ్చాడన్న కథ కూడా తోడవుతుంది. ఆ మాటలో నిజమెంతో తూటాను విప్పకుండానే చాలావరకు చెప్పవచ్చు.

ముందుగా, బతికున్న తూటానా, పేలిన ఖాళీ గొట్టమా అన్నది చూడాలి. తూటా అడుగున మధ్యలో చిన్న గుండ్రటి బిళ్ళ ఉంటుంది, దాన్నే ప్రైమర్ అంటారు. దాని మీద సొట్ట ఉండి మూతి తెరుచుకుని ఉంటే పేలిపోయిందనుకోవచ్చు. సొట్ట ఉన్నా మూతి మూసే ఉంటే అది పేలకుండా మిగిలిపోయినది, దాన్ని అసలు కదపకండి. ఎనభై ఏళ్లయింది, మందు చచ్చిపోయి ఉంటుందిలే అనుకోవద్దు. పాతకాలపు నల్ల తుపాకీమందు పొడిగా ఉంటే వందేళ్ల తర్వాతా అంటుకుంటుంది. ఇత్తడి కదా అని చింతపండు పెట్టి తోమేవాళ్లూ ఉన్నారు. ఆ పని వద్దు. ఎండలో పెట్టొద్దు, మూతి గీకొద్దు. పచ్చగా చిలుము పట్టి ఉంటే అలాగే ఉండనివ్వండి.

తర్వాత రాత కోసం వెతకాలి. రాత లేదనిపించే తూటాల్లో చాలావాటికి నిజానికి రాత ఉంటుంది, అరిగిపోయి కనబడదంతే. గదిలో లైటు ఆపి, ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా అడుగు మీద పడేలా పట్టి ఫొటో తీయండి. అక్షరాల గాట్లలో నీడ పడి తేలి కనిపిస్తాయి. 'కె.ఎఫ్.' అని ఇంగ్లిషులో ఉంటే పుణె దగ్గరి కిర్కీ, అంటే ఇప్పటి ఖడ్కీ ఫ్యాక్టరీది. బాణం గుర్తు ఉంటే ప్రభుత్వ సరుకని అర్థం. ఎలీ, కైనాక్ అనే బ్రిటిష్ తూటాల కంపెనీల పేర్లుంటే చాలావరకు వేట తూటాలే.

ఇప్పుడు కొలత. పక్కన స్కూలు స్కేలూ, 23 మిల్లీమీటర్ల పాత ఐదు రూపాయల బిళ్ళా పెట్టి, నిటారుగా పైనుంచి ఫొటో తీయండి. 12 బోర్ షాట్‌గన్ (ఒకేసారి చాలా గుళ్లు చిమ్మే తుపాకీ) తూటా అడుగు అంచు సుమారు 22.5 మిల్లీమీటర్లు, ఆ బిళ్ళ కంటే పిసరంత చిన్నది. 16 బోర్‌ది 20.6, 20 బోర్‌ది 19.4 దాకా ఉంటుంది. బిళ్ళ కంటే స్పష్టంగా పెద్దదైతే ఏదో పెద్ద బోర్ తుపాకీది కావచ్చు, లేదా అసలు తూటాయే కాక సైన్యం వాడే సిగ్నల్ పిస్టల్ మందుగుండు కావచ్చు. రెండోది మండే రకం, దాని జోలికి పోవద్దు.

అంచు 14 మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా ఉండి, గొట్టం పొడవుగా, పూర్తిగా ఇత్తడిదైతే మాత్రం ఆగి చూడాలి. మన ప్రాంతంలో నిజంగా 'సర్కారు తూటా' అనదగినది అదే. బ్రిటిష్ వాళ్లు .303 రైఫిళ్లను బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో మార్పించి, పోలీసులకూ కాపలావాళ్లకూ .410 మస్కెట్లుగా (లోపల నున్నటి గొట్టం ఉండే తుపాకులు) ఇచ్చారు. వాటి తూటా .303 గొట్టంతోనే తయారైంది. రైఫిల్ తూటాకు మూతి దగ్గర మెడ సన్నబడుతుంది, దీనికి ఆ మెడ ఉండదు.

ఇక 12 బోర్ ఇత్తడి తూటా సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కందకాల్లో షాట్‌గన్లు వాడింది. కాగితం గొట్టాలు తడికి ఉబ్బి తుపాకీలో ఇరుక్కోవడంతో ఇత్తడివి తెచ్చారు. రెండో యుద్ధంలో వాడిన ఎం19 రకం కూడా పూర్తి ఇత్తడే, లోపల 8.4 మిల్లీమీటర్ల సీసం గుళ్లు తొమ్మిది. కానీ ఇత్తడి ఒక్కటే సాక్ష్యం కాదు. వేటగాళ్లు కూడా మళ్లీ మళ్లీ మందు నింపుకోవడానికి ఇత్తడి గొట్టాలు కొనేవారు. తేడా మూతిలో తెలుస్తుంది. ఫ్యాక్టరీలో నింపినదానికి అంచు చుట్టూ సమంగా లోపలికి మడిచి ఉంటుంది. చేత్తో నింపినదానికి అట్టబిళ్ళ వంకరగా కూర్చుని, చుట్టూ మైనమో లక్కో కారి ఉండవచ్చు. నా మట్టుకు నేను రాత కంటే మూతినే ఎక్కువ నమ్ముతాను.

గొట్టం ప్లాస్టిక్‌దైతే రంగూన్ కథ అక్కడితో సరి. షాట్‌గన్ తూటాలకు ప్లాస్టిక్ గొట్టాలు మార్కెట్లోకి వచ్చింది 1960లో, మనవాళ్లు బర్మా నుంచి కాలినడకన వచ్చేసింది 1942 ప్రాంతంలో.

పొడవు చూసి మోసపోకండి. షాట్‌గన్ తూటాలకు 65, 70 మిల్లీమీటర్లని చెప్పే లెక్క పేలి విచ్చుకున్న గొట్టానిది. మూతి మడిచి ఉన్న తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది.

ఫొటోలు తీశాక తూటాను బ్యాగులో వేసుకుని బస్సెక్కొద్దు, ఎవరికీ అమ్మొద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉంచుకున్నా నేరమే. వారసత్వంగా వచ్చిందైనా ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో అప్పగించాలని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. 112కి గానీ స్థానిక స్టేషన్‌కు గానీ ఫోన్ చేసి, ఉన్నచోటికే రమ్మనండి. పెట్టె ఎక్కడ దొరికిందో, ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. ఖాళీ గొట్టాలు ఉంటే అవీ చూపించండి.