మత్తు విముక్తి సేవలకు జాతీయ అవార్డు: వరంగల్ వైపు నుంచి దరఖాస్తు ఎలా పెట్టాలి

మద్యం, మత్తు పదార్థాల నివారణలో మంచి సేవ చేసిన సంస్థలకు, వ్యక్తులకు కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ జాతీయ అవార్డులు ఇస్తుంది. 2013లో జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక అంతర్జాతీయ దినం నాడు, అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా వీటిని అందజేశారు. ఉమ్మడి వరంగల్‌లో, నిజామాబాద్, కామారెడ్డి, కరీంనగర్ వైపు ఈ పనిని ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు ఉన్నారు. ఊళ్లో గుడుంబా బట్టీలు మాన్పించిన మహిళా సంఘాలున్నాయి. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడి, అది దొరకక ఫిట్స్‌తో వచ్చినవాళ్ల మంచం పక్కన రాత్రంతా కాచుకుని కూర్చున్న నర్సులున్నారు. వీళ్లలో చాలామంది దరఖాస్తు జోలికే పోరు. పోయినవాళ్లు కూడా చేసిన పనికి ఆధారం చూపించలేక ఆగిపోతారు. అందుకే ఇక్కడ పోర్టల్ సంగతి కొంచెం, ఆధారాల సంగతి ఎక్కువ చెబుతాను.

ముందు మీరు ఏ విభాగంలోకి వస్తారో తేల్చుకోండి. కేంద్రం సాయంతో నడిచే వ్యసనపరుల పునరావాస కేంద్రాలకు, ప్రాంతీయ శిక్షణ కేంద్రాలకు, పంచాయతీలు, మున్సిపాలిటీలకు, విద్యాసంస్థలకు, స్వచ్ఛంద సంస్థలకు, అవగాహన ప్రచారానికి, పరిశోధనకు విడివిడిగా విభాగాలున్నాయి. వ్యక్తుల్లో వృత్తి నిపుణులు వేరు, ఇతరులు వేరు. బెల్టు షాపులు లేకుండా చేసుకున్న ఊరు పంచాయతీ విభాగంలో పెట్టుకోవాలి. ఆ పనిలో తోడున్న సంఘం పేరుతో పెడితే డాక్టర్లు, కౌన్సెలర్లు ఉన్న పెద్ద సంస్థలతో పోటీ పడాల్సి వస్తుంది. తాను తాగుడు మానేసి, పదిమందిని ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి ఉంటే ఆయన నిపుణుడు కాని వ్యక్తుల విభాగంలోకి వస్తారు. ఇలాంటివాళ్లను ఊరివాళ్లే గుర్తించి, ప్రోత్సహించి పేరు పంపించాలని నా గట్టి అభిప్రాయం. వాళ్లంతట వాళ్లు ముందుకు రారు. అర్హతలు, గడువు, అవార్డు మొత్తం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఎలా ఉంటే అలాగే లెక్క. పాత కాపీ చూసి నింపొద్దు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. కేంద్ర ప్రభుత్వ అవార్డులన్నిటికీ ఒకే చోటుగా పెట్టిన రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్, అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్, తెరవండి. వ్యక్తిగానో సంస్థగానో రిజిస్టర్ చేసుకుని, ఓటీపీతో లాగిన్ అయ్యి, అవార్డుల జాబితాలో మంత్రిత్వ శాఖ పేరు కింద ఈ అవార్డును వెతకండి. గడువు తెరిచి ఉన్నప్పుడే ఫారం వస్తుంది. కొంత నింపి సేవ్ చేసుకుని తర్వాత కొనసాగించవచ్చు. నెట్ సెంటర్‌లో నింపిస్తే మొబైల్ నంబరు, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వండి. ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లన్నీ వాటికే వస్తాయి. సబ్మిట్ చేశాక దరఖాస్తు నంబరున్న పేజీని ప్రింట్ తీసి దాచుకోండి.

కాగితాల్లో మన దగ్గర ఒక చిక్కుంది. 2016 అక్టోబరులో వరంగల్ జిల్లాను విడగొట్టారు, 2019లో ములుగు వేరైంది, 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, రూరల్ వరంగల్ జిల్లా అయింది. పాత సంస్థల సొసైటీ రిజిస్ట్రేషన్ మీద ఆంధ్రప్రదేశ్ అని, పాన్ కార్డు మీద ఒక జిల్లా, బ్యాంకు పాస్‌బుక్ మీద ఇంకో జిల్లా ఉంటాయి. పరిశీలించేవాళ్లకు ఇవి వేర్వేరు సంస్థల్లా కనిపిస్తాయి. లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాల్లో జిల్లా పేరు ఎప్పుడు ఎలా మారిందో రాసి, సంతకం, ముద్రతో జతచేయండి. దీనితో పాటు ఆడిట్ లెక్కలు, వార్షిక నివేదికలు, దర్పణ్ నంబరు (స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ పోర్టల్ ఇచ్చేది) సిద్ధంగా ఉంచుకోండి.

పేషెంట్లను చేర్చుకునే కేంద్రమైతే ఇంకో విషయం అంతకంటే ముఖ్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఉన్నాయి. అందుకని డీ అడిక్షన్ సెంటర్‌కు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే అవార్డు సంగతి పక్కన పెట్టి ముందు ఆ పని చూడండి. మనిషిని గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టమే నిషేధించింది. అలాంటి అలవాటున్న చోటు ఏ అవార్డుకూ తగదు.

ఇక అసలు సంగతి, చేసిన పని గురించి రాసే భాగం. ఇంగ్లీషులో రాయాలనే టెన్షన్‌తో చాలామంది ‘విశేష సేవలు అందించాము, ఎన్నో కుటుంబాల్లో వెలుగులు నింపాము’ లాంటి మాటలతో పేజీ నింపేస్తారు. ముందు తెలుగులో, మీ మాటల్లో రాసుకోండి. అనువాదం తర్వాత ఎవరితోనైనా చేయించుకోవచ్చు.

ఢిల్లీలో చదివేవాళ్లకు మన సమస్య తెలియదని గుర్తుంచుకోండి. కల్లు అంటే వాళ్లకు తాటిచెట్టు నుంచి దించే పానీయమే. ఇక్కడ కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారనీ, ఒక్కసారిగా మానేస్తే నిద్ర పట్టక, చేతులు వణికి, పిచ్చి చూపులు చూస్తూ, ఫిట్స్ దాకా పోతుందనీ రాయండి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడితే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు బారులు తీరారు. మీ పల్లెలో అప్పుడు ఏం జరిగింది, మీరు ఏం చేశారు అన్నది రెండు మూడు వాక్యాల్లో చెబితే చదివేవారికి మీ పని విలువ వెంటనే అర్థమవుతుంది.

ఆ తర్వాత ఫాలో అప్. నన్నడిగితే దరఖాస్తు మొత్తంలో బలమైన కాగితం ఫాలో అప్ రిజిస్టరే. నిజంగా వాడిన రిజిస్టర్ చూడగానే తెలుస్తుంది. తేదీ, ఎవరు ఫోన్ చేశారు, ఎవరు ఎత్తారు, మాత్రలు వేసుకుంటున్నాడా, పనికి పోతున్నాడా అని గడులు గీసి ఉంటాయి. ఒకచోట ‘భార్య ఎత్తింది, పత్తి ఏరను పోయిండు’ అని, ఇంకోచోట ‘స్విచాఫ్’ అని, దాని కింద ‘పెళ్లిలో మళ్లీ తాగిండు, సోమవారం వస్తనన్నడు’ అని వేర్వేరు చేతిరాతల్లో ఉంటుంది. దాన్ని అందంగా తిరగరాయకండి. ఎంతమంది చేరారు, ఆరు నెలల తర్వాత ఎంతమందితో మాట్లాడగలిగారు, వాళ్లలో ఎంతమంది మానేసి ఉన్నారు, ఎంతమంది మళ్లీ మొదలుపెట్టారు అన్నది ఆ రిజిస్టర్ నుంచే లెక్కతీసి రాయండి. మళ్లీ తాగినవాళ్ల లెక్క దాచొద్దు. ఈ జబ్బులో అది మామూలే, తెలిసినవాళ్లు దాన్ని తప్పుగా చూడరు. నూటికి నూరు మంది మానేశారని రాస్తేనే అనుమానం వస్తుంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మద్యం సమస్య ఉన్న నూరుమందిలో 86 మంది చికిత్స దాకా రావడం లేదు. కాబట్టి మీరు ఎవరిని, ఏ తండా నుంచి, ఎవరి సాయంతో ఆసుపత్రి మెట్లు ఎక్కించారన్నది కూడా ఫలితమే. ఆశా కార్యకర్త చెబితే వచ్చారా, మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 నుంచి వచ్చారా, మానసిక ఆరోగ్య సాయం ఫోన్‌లో అందించే టెలి మానస్ 14416కు ఫోన్ చేసి వచ్చారా అన్నది రాసిపెట్టుకుంటే ఇక్కడ పనికొస్తుంది.

ఫొటోల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే పేషెంటు వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. ఆయన ఒప్పుకోకుండా ఫొటోగానీ సమాచారంగానీ మీడియాకు ఇవ్వకూడదని చెప్పింది. ‘చేరకముందు, చేరాక’ అని ముఖాలు చూపించే ఫొటోలు దరఖాస్తులో పెట్టకండి. మీ గ్రామ పంచాయతీ నిండా అందరూ ఎరిగినవాళ్లే. రేపు ఆ ఫొటో వాట్సాప్‌లో తిరిగితే ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి సంబంధం దాకా పోతుంది. రిజిస్టర్ పేజీలు స్కాన్ చేసేటప్పుడు పేర్లు, ఫోన్ నంబర్ల మీద కాగితం పెట్టి కప్పండి. గ్రామసభ, బడిలో అవగాహన కార్యక్రమం లాంటి ఫొటోలు చాలు, వాటి కింద తేదీ, ఊరు రాయండి.

నోటిఫికేషన్‌లో జిల్లా లేదా రాష్ట్ర సిఫారసు అడిగితే కలెక్టరేట్‌లోని జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో గడువుకు బాగా ముందే కలవండి. మత్తుకు వ్యతిరేకంగా కేంద్రం నడిపే నశా ముక్త్ భారత్ అభియాన్ కార్యక్రమాల్లో మీరు పాల్గొని ఉంటే ఆ ఉత్తర్వులు, హాజరు కాగితాలు తీసుకెళ్లండి. పరిశీలనకు ఎవరైనా వస్తే అసలు రిజిస్టర్లు చూపించాల్సి ఉంటుంది కాబట్టి అవి మీ సెంటర్‌లోనే ఉండాలి.

మానసిక వైద్యంలో జీవితమంతా పనిచేసినవారి పేరు పంపాలనుకుంటే పద్మ పురస్కారాల దారి కూడా ఉంది. అదే పోర్టల్‌లో ఎవరైనా ఎవరి పేరైనా పంపవచ్చు, తమ పేరు తామే పంపుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులకు పద్మ అర్హత లేదు గానీ డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు ఆ అడ్డు లేదు. కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రిస్టు పేరు కూడా పంపవచ్చు. సేవల వివరం 800 పదాలు మించకూడదు. గడువు ఏటా ఒకేలా ఉండదు. 2024లో సెప్టెంబరు 15 దాకా తీసుకున్నారు, 2025లో ముందు జూలై 31 అన్నారు, తర్వాత ఆగస్టు 15 దాకా పొడిగించారు. వేసవి సెలవుల్లోనే రాయడం మొదలుపెట్టండి.