కార్నె అసాదా: ముక్క ఎందుకు తెగదు, నీళ్లెందుకు ఊరతాయి

ఉత్తర మెక్సికోలో, ముఖ్యంగా సొనోరా రాష్ట్రంలో, కార్నె అసాదా అంటే నిప్పుల మీద కాల్చిన గొడ్డుమాంసం. దాని కోసం ఇంటిల్లిపాదీ, చుట్టుపక్కల వాళ్లూ పొయ్యి దగ్గర చేరడాన్ని కూడా అదే పేరుతో పిలుస్తారు. అక్కడ చాలామంది ఉప్పు తప్ప ఏమీ వేయరు. నిమ్మ, నారింజ రసాల్లో నానబెట్టే పద్ధతి మనం ఇంట్లో ఎక్కువగా చేసేది. కిలో మాంసానికి రెండు నిమ్మకాయలు, ఒక నారింజ, ఐదారు వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు, అర చెంచా జీలకర్ర పొడి, మూడు చెంచాల నూనె, సరిపడా ఉప్పు. ఈ కొలతల్లో కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. వంట చెడేది వేరేచోట.

పెనం మీద వేయగానే నీళ్లు ఊరి ముక్క బూడిద రంగుకు తిరుగుతోంది

ముక్క తడిగా ఉంది, లేదా పెనం చాలినంత వేడెక్కలేదు. నీళ్లు ఉన్నంతసేపూ అక్కడ వేడి వంద డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగాలంటే సుమారు 140 డిగ్రీలైనా ఉండాలి. అందుకని నానిన ముక్కను తీసి పేపర్ టవల్‌తో రెండు వైపులా గట్టిగా అద్దండి. రుచి పోతుందని భయపడకండి, పట్టాల్సింది ఈపాటికే పట్టింది. ఇనుప పెనాన్ని పెద్ద మంట మీద ఐదు నిమిషాలు కాల్చి, వేరుశనగ నూనె పెనానికి కాకుండా ముక్కకు రాయండి. ఒకసారికి ఒకటే ముక్క. వేయగానే చుయ్‌మని గట్టిగా మోగి, ఆ మోత తగ్గకుండా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. అర నిమిషానికే బుడబుడ శబ్దం వస్తే ఉడుకుతోందని అర్థం, వెంటనే తీసి పెనాన్ని మళ్లీ కాల్చండి. సెంటీమీటరు మందం ముక్కకు ఒక్కో వైపు రెండు, మూడు నిమిషాలు చాలు. పొగ బాగా వస్తుంది, కిటికీలు ముందే తీసి పెట్టుకోండి.

బొగ్గుల మీద చేసేవాళ్లకు ఈ బాధ తక్కువ. సొనోరాలో మెస్కీట్ బొగ్గు వాడతారు. మన చేలగట్ల మీద పెరిగే సర్కారు తుమ్మ ఆ చెట్టుకు దగ్గరి చుట్టమే.

వాసన అద్భుతం, కానీ ఎంత నమిలినా తెగడం లేదు

పదిమందిలో ఎనిమిదిమంది ఇక్కడే మసాలాను తిట్టుకుంటారు. తప్పు కత్తిది. దీనికి వాడే స్కర్ట్ స్టేక్‌ను (పశువు పొట్ట దగ్గరి పొడవాటి పల్చటి మాంసం పట్టీ, మెక్సికోలో అర్రచేరా అంటారు) వెలుతురులో పట్టుకుని చూడండి. పొడవాటి పట్టీకి అడ్డంగా, నవారు మంచం అల్లినట్టు లావుపాటి పీచు కనిపిస్తుంది. ఆ పీచు వెంట కోస్తే, పొడుగు తాళ్లను పళ్లతో తెంపాల్సి వస్తుంది. కాల్చాక ఐదు నిమిషాలు ఆగి, పట్టీని ముందు బెత్తెడేసి ముక్కలుగా చేయండి. తర్వాత ఒక్కో ముక్కనూ పక్కకు తిప్పి, పీచుకు అడ్డంగా పల్చగా కోయండి. అదే మాంసం, అదే మంట, నోట్లో మాత్రం ఇట్టే విడిపోతుంది.

హైదరాబాద్‌లో దొరికేది ఎక్కువగా గేదె మాంసం. ఎముక లేకుండా పసందాకు కోసినట్టు పల్చగా కోయించుకోండి. కూర ముక్కలు దీనికి పనికిరావు.

పైపొర పిండిలా మెత్తబడింది

రాత్రంతా పులుపులో ఉంచారు. రెండు నుంచి నాలుగు గంటలు చాలు. రాత్రే కలిపి పెట్టుకోవాలంటే రసాలు మినహా అన్నీ పట్టించి, రసాలను చివరి రెండు గంటలకు కలపండి. కబాబుల అలవాటు కొద్దీ పచ్చి బొప్పాయి వేస్తే పల్చటి ముక్క ఇంకా త్వరగా చెడుతుంది. దీనికి అది అక్కర్లేదు.

లోపల చప్పగా ఉంది

వెల్లుల్లి, జీలకర్ర పైపైనే ఉంటాయి. లోపలికి దిగేది ఉప్పే. మాంసం వేయకముందే నానబెట్టే రసం కాస్త విడిగా తీసి, కోసిన ముక్కల మీద చల్లండి. పచ్చి మాంసం నానిన రసాన్ని మాత్రం మరగబెట్టకుండా వాడొద్దు.

చేదు తగులుతోంది

వెల్లుల్లి, కొత్తిమీర తునకలు మాడాయి. అద్దేటప్పుడే తుడిచేయండి.

టోర్టియా మడవగానే విరిగిపోతోంది

టోర్టియా అంటే ఈ మాంసాన్ని మడిచి తినే పల్చటి మెక్సికో రొట్టె. మొక్కజొన్నది చల్లగా ఉంటే అంతే. పొడి పెనం మీద రెండు వైపులా కాల్చి, పుల్కాల్లా గుడ్డలో చుట్టి ఉంచండి. సొనోరాలో తినే గోధుమపిండి టోర్టియా మడిచినా విరగదు.