అమ్మానాన్నలకు ఇంట్లో మనిషిని పెట్టే ముందు

నాన్న పడిపోయారనో, అమ్మని ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేస్తున్నారనో తెలియగానే మనం చేసే మొదటి పని, ఎవరైనా మనిషి దొరుకుతారా అని పదిమందికి ఫోన్లు కొట్టడం. నేనూ అదే చేశాను. వచ్చినావిడ మంచిదే, కానీ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేది. మా అమ్మకి అసలు ఇబ్బంది రాత్రి రెండింటికి, గోడ పట్టుకుని బాత్రూమ్‌కి నడిచేటప్పుడు. వారం గడిస్తే గానీ నాకది తట్టలేదు.

అందుకే ముందు రెండు మూడు రోజులు వాళ్లతో ఉండి, ఏ టైముకి ఏం అవసరం పడుతోందో కాగితం మీద రాయండి. దీనికి వైద్యులు వాడే పాత కొలత ఒకటుంది, 1963లో సిడ్నీ కాట్జ్ బృందం ప్రచురించినది: స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఈ ఆరింట్లో ఏది సొంతంగా చేసుకుంటున్నారు, దేనికి చెయ్యి అందించాలి, ఏది పూర్తిగా వేరేవాళ్లే చేయాలి? నాన్నని అడిగితే అన్నీ నేనే చేసుకుంటానంటారు కాబట్టి అడక్కండి, పక్కన కూర్చుని చూడండి.

ఆ కాగితం చూస్తే ఎవరు కావాలో తెలుస్తుంది. ఇంజెక్షన్లు, గాయానికి కట్లు, ముక్కులోంచి ట్యూబ్ ఉంటే శిక్షణ ఉన్న నర్సు కావాలి. స్నానం, నడక, తిండి అయితే అటెండెంట్ చాలు. డబ్బు మిగులుతుందని అటెండెంట్ చేత నర్సు పని చేయించకండి. ఇంకోటి, "24 గంటల మనిషి" అనే మాట నమ్మకండి, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తే పగలు ఆమె కూర్చునే నిద్రపోతుంది, అది ఆమె తప్పు కాదు. రెండు షిఫ్టులు పెట్టాలి, లేదంటే రాత్రి వంతు ఇంట్లోవాళ్లే తీసుకోవాలి.

మాట్లాడేటప్పుడు ఎన్నేళ్ల అనుభవం అని అడిగితే అందరూ ఒకే జవాబు చెప్తారు. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి ఎలా మారుస్తారో చేసి చూపించమనండి, కావాలంటే మీరే పేషెంట్‌లా పడుకోండి. పని తెలిసినవాళ్లు ముందు కుర్చీ బ్రేకులు వేస్తారు, కాసేపు మంచం అంచున కూర్చోబెడతారు, ఎందుకంటే పడుకున్నవాళ్లు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. చేతులు పట్టుకునో చంకల కింద పట్టుకునో లాగేవాళ్లయితే వద్దు, భుజం దెబ్బతింటుంది. ఇంతకుముందు పని చేసిన ఇంటికి ఫోన్ చేయడం, గుర్తింపు కార్డు చూడడం ఎలాగూ తప్పదు. జీతం, సెలవులు, ఏ పనులు చేయాలి, ఆమె రాని రోజు ఎవరు వస్తారు, ఇవన్నీ మొదటిరోజే రాసుకోండి. మొహమాటపడితే నెల తిరిగేసరికి గొడవే.

అమ్మానాన్నలు ఒప్పుకోవడం మాత్రం వేరే పెద్ద కథ. "నాకెందుకు మనిషి" అంటారు. "నా టెన్షన్ తగ్గడానికి" అని చెప్తే కొంచెం మెత్తబడతారు. మొదట రోజుకి రెండు గంటలు, వంటింటి పనికో నడకకి తోడుగానో పెట్టి, అలవాటయ్యాక స్నానం దాకా వెళ్లండి. స్నానం ఎవరు చేయించాలన్నది వాళ్లిష్టమే, అక్కడ మన సౌకర్యం చూసుకోకూడదు.

మందుల పట్టిక ఒకటే ఉండాలి, గోడకి అంటించి. డాక్టర్ చెప్పకుండా నిద్రమాత్ర ఇవ్వకూడదని గట్టిగా చెప్పండి. నిన్నటిదాకా బాగున్నవారు ఇవాళ ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడుతుంటే వయసని కొట్టిపారేయకుండా వెంటనే డాక్టర్‌కి చూపించాలి, చాలాసార్లు దాని వెనక ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్లు తగ్గడమో, కొత్త మందో ఉంటుంది.

మంచానికే పరిమితమైనవాళ్లని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలంటారు. తిప్పుతున్నారో లేదో అడిగి లాభం లేదు. చెప్పకుండా ఒకరోజు మధ్యాహ్నం వెళ్లి మడమలు, నడుం కింది ఎముక దగ్గర చర్మం చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి, ఎరుపు అలాగే ఉండిపోతే పుండు మొదలవుతున్నట్టే. అలాగే నీళ్ల గ్లాసు అమ్మ చేతికి అందే దూరంలో ఉందో, గదికి ఆ చివర బల్ల మీద ఉందో కూడా.