మాట ముగిశాక ఒక శ్వాస

ఆప్తులతో కూర్చుని మాట్లాడడానికి ఒక గంట కేటాయించుకున్నప్పుడు ఫోన్‌ను సైలెంట్‌లో పెడితే సరిపోదు. కంటికి కనిపించని చోట, వీలైతే మరో గదిలో ఉంచాలి. బల్ల మీద ఎవరూ ముట్టుకోని ఫోన్ ఉన్నా ఇద్దరి మధ్య సాన్నిహిత్యం తగ్గుతుందని, మనసుకు దగ్గరైన విషయాలు మాట్లాడుకునేటప్పుడు అది మరీ స్పష్టంగా కనిపిస్తుందని ప్రజిబిల్‌స్కీ, వైన్‌స్టైన్ అనే పరిశోధకులు 2013 నాటి అధ్యయనంలో పేర్కొన్నారు. తర్వాతి ప్రయోగాల్లో ఫలితాలు అన్నిసార్లూ అలాగే రాలేదు గానీ, పాటించడానికి ఖర్చేమీ లేదు కనుక నేను ఈ నియమాన్ని వదలను. అత్యవసరమైన కాల్ రావలసి ఉంటే ఆ సంగతి కూర్చోగానే చెప్పండి.

అసలు కష్టం మౌనం దగ్గర మొదలవుతుంది. పది భాషల సంభాషణలను పోల్చి చూసిన 2009 నాటి అధ్యయనం ప్రకారం ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సుమారు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. జవాబు కూర్చుకోవడానికి అంత వ్యవధి చాలదు కనుక, ఎదుటివారు ఇంకా మాట్లాడుతూ ఉండగానే మనం మన వాక్యాన్ని సిద్ధం చేసుకుంటున్నామన్నమాట. ఆ హడావిడిలో వారు చివర తడబడుతూ చెప్పిన ముక్క, చాలాసార్లు అసలు విషయమే, మన చెవిన పడదు. తరగతి గదులను పరిశీలించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక దాదాపు ఒక్క సెకనే ఆగుతున్నారని, ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని గమనించారు.

ఎదుటివారి మాట ముగిశాక మీరూ ఆగి చూడండి. మనసులో అంకెలు లెక్కపెడితే ధ్యాస లెక్క మీదికి పోతుంది కనుక, నెమ్మదిగా ఒక శ్వాస తీసుకుని వదలండి. ఈలోగా వారే మళ్లీ అందుకుంటే మంచిదే; లేకపోతే వారి చివరి మాటను పట్టుకునే అడగండి. “ఉద్యోగం మానేద్దామనిపిస్తోంది” అన్నవారికి “ఎప్పటి నుంచి?” అన్న ప్రశ్న చాలు, మీకు తెలిసిన ఖాళీల వివరాలు మరో రోజుకు దాచుకోండి. ముఖం బిగించుకుని ఆగితే మాత్రం అది తిరస్కారంలా తోస్తుంది కనుక చూపు వారి మీదే ఉంచండి. ఫోన్‌లోనైతే ఊఁ కొట్టకపోతే లైన్ తెగిందనుకుంటారు.

సందేశాల్లో మౌనానికి ముఖం లేదు. వాట్సాప్‌లో 2014లో నీలి టిక్కులు వచ్చినప్పటి నుంచి మీరు చదివారన్న సంగతి అవతలివారికి తెలుస్తోంది గానీ ఎందుకు ఊరుకున్నారో తెలియడం లేదు. అందుకే “చదివాను, రాత్రి తీరిగ్గా ఫోన్ చేస్తాను” అని రాయండి, రాసినట్టే రాత్రి ఫోన్ చేయండి.