హైదరాబాద్ నుంచి రోగి శాంపిల్‌ను విమానంలో పంపాలంటే: కేటగిరీ, ప్యాకింగ్, కార్గో బుకింగ్ విధానం

హైదరాబాద్‌లో చాలా పరీక్షలు ఊరు దాటకుండానే అయిపోతాయి. నారాయణగూడలో ఐపీఎం, హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ లాంటి పెద్ద పరీక్ష, పరిశోధన సంస్థలు ఉన్న ఊరు ఇది. అయినా కొన్ని శాంపిళ్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్‌ఐవీకో, బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌కో వెళ్లక తప్పదు. అప్పుడు నర్సింగ్‌హోమ్‌లో అందరికీ ఒకటే టెన్షన్: డబ్బా ఎవరు కట్టాలి, కాగితం ఎవరు రాయాలి, శంషాబాద్ కార్గోలో ఆపేస్తే ఏం చేయాలి? పార్సిల్ తీసుకునే కౌంటర్‌లో డబ్బా తెరిచి చూడరు. పైన ఉన్న గుర్తు, విమాన కార్గో రసీదైన ఎయిర్ వే బిల్ మీద ఉన్న మాట ఒకటేనా కాదా అన్నదే చూస్తారు. ఆ రెండూ కలవాలంటే డబ్బా కొనకముందే శాంపిల్ ప్రమాదాన్ని బట్టి అది ఏ కేటగిరీయో తేల్చుకోవాలి.

అంతకన్నా ముందు శాంపిల్ అందుకునే ల్యాబ్‌కు ఫోన్ చేయండి. ఏ ట్యూబ్‌లో కావాలి, ఎంత కావాలి, చల్లగా ఉంటే చాలా లేక ఐసులా గడ్డకట్టి రావాలా, ఏ రోజు తీసుకుంటారు అని అడగండి. వాళ్ల రిక్విజిషన్ ఫారం (పరీక్ష కోరే కాగితం) తెప్పించుకుని డాక్టర్ చేత నింపించండి. జ్వరం ఎప్పుడు మొదలైంది, శాంపిల్ ఎప్పుడు తీశారు అన్న గడులు ఖాళీగా వదిలేస్తే అక్కడ రిపోర్టుకు అర్థం ఉండదు. ట్యూబ్ మీద, ఫారం మీద పేరు, నంబరు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి.

ఇక కేటగిరీ. దీన్ని నిర్ణయించాల్సింది డాక్టర్, డబ్బా కట్టే అబ్బాయి కాదు. రోగ నిర్ధారణ కోసం పంపే రక్తం, సీరం, గొంతు స్వాబ్, కళ్లె, మూత్రం లాంటివి మామూలుగా కేటగిరీ బి కిందికి వస్తాయి. ప్రమాదకర సరుకులకు ఐక్యరాజ్యసమితి పెట్టిన నంబర్లలో దానిది యూఎన్ 3373. సోకితే ప్రాణాపాయమో శాశ్వత వైకల్యమో తెచ్చే క్రిములు ఉన్నవి కేటగిరీ ఎ. మనుషులకు సంబంధించినవైతే యూఎన్ 2814, పశువులకు మాత్రమే సోకేవైతే యూఎన్ 2900. ఇక్కడే చాలామంది పొరబడతారు. డెంగీ రోగి రక్తం కేటగిరీ బి. అదే డెంగీ వైరస్‌ను ల్యాబ్‌లో పెంచి పంపితే కేటగిరీ ఎ. క్షయ క్రిమి కల్చర్ కూడా అంతే. నిపా, క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ లాంటి వైరస్ జబ్బులకు కల్చర్, రక్తం అన్న తేడా లేదు, ఏ రూపంలో ఉన్నా ఎ కిందే లెక్క. అలాంటి అనుమానం వస్తే సొంతంగా కట్టే పని పెట్టుకోవద్దు. ముందు జిల్లా సర్వైలెన్స్ అధికారికి (అంటువ్యాధులపై నిఘా పెట్టే అధికారికి) చెప్పండి. కేటగిరీ ఎ పంపాలంటే పరీక్షలు నెగ్గిన యూఎన్ ముద్ర డబ్బా, షిప్పర్స్ డిక్లరేషన్ (ప్రమాదకర సరుకుపై పంపేవారు సంతకం చేసి ఇచ్చే పత్రం), శిక్షణ పొందిన మనిషి కావాలి. ప్రయాణికుల విమానంలో ఒక ప్యాకేజీకి 50 మిల్లీలీటర్లకు మించి ఎక్కించరు.

కొలెస్టరాల్, షుగర్, థైరాయిడ్ పరీక్షల రక్తంలో క్రిములు ఉండే అవకాశం బాగా తక్కువని డాక్టర్ భావిస్తే ‘ఎగ్జెంప్ట్ హ్యూమన్ స్పెసిమెన్’ అని రాసి పంపవచ్చు. దీనికీ కింద చెప్పబోయే మూడు పొరల ప్యాకింగ్ తప్పదు. ఫిల్టర్ పేపర్ మీద ఆరబెట్టిన రక్తపు చుక్కలకైతే ఈ నిబంధనలే వర్తించవు. బయాప్సీ ముక్క వేసే 10 శాతం ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ నిజానికి 4 శాతం దాకానే ఉంటుంది. దాన్ని ప్రమాదకర సరుకుగా చూడరు, కానీ కారిందంటే వాసనకే పార్సిల్‌ను పక్కన పెట్టేస్తారు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా కేటగిరీ బి గురించే. దీని ప్యాకింగ్ నిబంధన పేరు పీ 650. అమెరికాలో ఉన్న అబ్బాయికి ఆవకాయ పంపేటప్పుడు నూనె కారకుండా ఎన్ని చుట్లు చుడతామో, ఇక్కడా సూత్రం అదే. కాకపోతే ఏ పొర ఏ పని చేయాలో రాసిపెట్టి ఉంది.

మొదటి పొర శాంపిల్ ఉన్న ట్యూబ్. మరమూత ఉన్నదైతే మేలు, మూత చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) లాగి చుట్టండి. నొక్కుడు మూత అయితే పారాఫిల్మ్ మీద టేపు కూడా వేయండి. అంచు దాకా నింపవద్దు, పైన కొంచెం ఖాళీ ఉండాలి. విమానం పైకి లేచాక చుట్టూ గాలి ఒత్తిడి తగ్గి, ట్యూబ్‌లోని గాలి మూతను లోపలి నుంచి తోస్తుంది. అందుకే మొదటి పొరగానీ రెండో పొరగానీ 95 కిలోపాస్కల్ ఒత్తిడి తేడాను తట్టుకోవాలని నియమం పెట్టారు. డబ్బా కొనేటప్పుడు ఈ అంకె అడగండి. దాని మీద రాసి లేకపోతే కొనకండి.

ట్యూబులు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా చుట్టి రెండో పొరలో పెట్టాలి. అది లీక్ కాని మరమూత డబ్బా కావచ్చు, సీల్ అయ్యే ప్రత్యేక కవరు కావచ్చు. కూరగాయల జిప్ కవరు దీనికి పనికిరాదు. ట్యూబులకూ ఈ రెండో పొరకూ మధ్య దూదిగానీ పీల్చే షీటుగానీ ఉండాలి, అదీ మొత్తం ద్రవాన్ని పీల్చుకునేంత. పది ట్యూబులు పెట్టి రెండు దూది ఉండలు పడేయడం నేను ఎక్కువగా చూసే లోపం. పదీ పగిలాయనుకుని దూది లెక్క వేసుకోండి.

మూడోది గట్టి బయటి పెట్టె. కనీసం ఒక ముఖమైనా 100 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. కట్టిన ప్యాకేజీ 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా లోపలి ట్యూబ్ కారకూడదు. ఒక్కో ట్యూబ్‌లో ద్రవం లీటరు మించకూడదు, మొత్తం పెట్టెలో 4 లీటర్లు మించకూడదు. లోపల ఏమేం ఉన్నాయో రాసిన జాబితాను, రిక్విజిషన్ ఫారాన్ని ప్లాస్టిక్ కవరులో వేసి రెండో పొరకూ బయటి పెట్టెకూ మధ్య పెట్టండి. ఫారాన్ని ట్యూబ్‌కే చుట్టి రబ్బరు బ్యాండు వేసే అలవాటు మానుకోవాలి. ట్యూబ్ కారితే అక్కడి వాళ్లు ఆ కాగితాన్ని చేత్తో తాకలేరు, చదవనూ లేరు.

చల్లదనం ఎప్పుడూ రెండో పొర బయటే. 2 నుంచి 8 డిగ్రీలు చాలంటే జెల్ ప్యాకులు సరిపోతాయి. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన జెల్ ప్యాకును నేరుగా ఆనిస్తే రక్తం గడ్డకట్టి కణాలు పగులుతాయి, శాంపిల్ పాడైనట్టే. ప్యాకు మీద చెమట పట్టేదాకా బయట ఉంచి, మధ్యలో అట్టముక్క వేయండి. మామూలు ఐసు వాడితే బయటి పెట్టె కూడా నీరు కారనిదై ఉండాలి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, కరిగి నీరు కాకుండా నేరుగా వాయువు అయిపోతుంది. ఆ వాయువు బయటికి పోయే దారి ఉండాలి. థర్మకోల్ డబ్బా చుట్టూ సందు లేకుండా టేపు చుట్టేస్తే పేలే ప్రమాదం ఉంది. డ్రై ఐస్‌కు వేరే నంబరు, యూఎన్ 1845. ప్రమాదకర సరుకుల తొమ్మిదో తరగతి లేబుల్ అతికించి, నికర బరువు కిలోల్లో పెట్టె మీద రాయాలి. నడివేసవిలో మన ఊరి ఎండ లెక్కలో పెట్టుకుని, ఒక రోజు ఆలస్యానికి కూడా సరిపోయేంత వేయండి.

పెట్టె మీద వజ్రం ఆకారంలో యూఎన్ 3373 గుర్తు ఉండాలి. ఒక్కో భుజం కనీసం 50 మిల్లీమీటర్లు, అక్షరాల ఎత్తు కనీసం 6 మిల్లీమీటర్లు. పక్కనే ‘బయలాజికల్ సబ్‌స్టెన్స్, కేటగిరీ బి’ అని ఇంగ్లిష్‌లో రాయాలి. పంపేవారి, అందుకునేవారి చిరునామాలతో పాటు బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు పెట్టె మీదైనా వే బిల్ మీదైనా ఉండాలి. రాత్రి పన్నెండింటికి మోగినా ఎత్తే నంబరు ఇవ్వండి, రిసెప్షన్ ల్యాండ్‌లైన్ కాదు. రెండు మూడు పెట్టెలను ఒకే పెద్ద పెట్టెలో పెట్టినప్పుడు లోపలి గుర్తులు బయటికి కనపడకపోతే వాటినే పైన మళ్లీ అతికించి ‘ఓవర్‌ప్యాక్’ అని రాయాలి.

బుకింగ్ కార్గో ఏజెంట్ ద్వారా చేయడమే తేలిక. అందరు ఏజెంట్లూ ఈ సరుకు ముట్టుకోరు, అందుకే ‘యూఎన్ 3373 తీసుకుంటారా’ అని ముందే సూటిగా అడగండి. ల్యాబ్ రిజిస్ట్రేషన్ నకలు, కేవైసీ కాగితాలు, ల్యాబ్ లెటర్‌హెడ్ మీద లోపల ఏముందో చెప్పే ఉత్తరం సిద్ధంగా పెట్టుకోండి. కేటగిరీ బికి షిప్పర్స్ డిక్లరేషన్ అక్కర్లేదు. అడిగారు కదా అని నింపి ఇస్తే అదే కొత్త చిక్కు తెస్తుంది. వే బిల్‌లో సరుకు వివరాల గడిలో యూఎన్ 3373, పైన చెప్పిన ఇంగ్లిష్ పేరు, ఎన్ని పెట్టెలు అన్నది రాయిస్తే చాలు. డ్రై ఐస్ ఉంటే యూఎన్ 1845, పెట్టెల సంఖ్య, ఒక్కో దానిలో ఎన్ని కిలోలు అన్నదీ చేర్చాలి. ‘మెడికల్ ఐటమ్స్’ అని రాసి పని కానిద్దాం అనుకోవద్దు. మన పెట్టె ఆగిపోయేది ఎక్కువగా అలాంటి రాతల వల్లే.

రోగి బంధువు ఎవరో ఎలాగూ పుణె వెళ్తున్నారని బ్యాగులో పెట్టి పంపించడం ఇంకో అలవాటు. విమానంలో చేతి సంచీలోనూ, చెకిన్ లగేజీలోనూ ఈ శాంపిళ్లు తీసుకెళ్లకూడదు.

సోమవారం నుంచి బుధవారం లోపు పంపండి. శుక్రవారం పంపితే శనివారం అక్కడి గోడౌన్‌లో, ఆదివారం కూడా అక్కడే ఉంటుంది, ఐసు మాత్రం ఉండదు. విమానం టైము కాకుండా కార్గో కట్‌ఆఫ్ టైము అడిగి తెలుసుకోండి. కౌంటర్, ఎక్స్‌రే దాటడానికే చాలాసేపు పడుతుంది, శంషాబాద్ చేరడానికి ఓఆర్‌ఆర్ మీద పట్టే సమయం దానికి అదనం. వే బిల్ నంబరు రాగానే అవతలి ల్యాబ్‌కు మెసేజ్ పెట్టి, చేరాక చల్లగానే ఉందా, ఏమైనా కారిందా అని అడిగి రిజిస్టర్‌లో రాసుకోండి.

పెట్టె తిరిగి వస్తే వెంటనే వాడేయకండి. లోపల క్రిమిసంహారక ద్రావణంతో తుడిచి ఆరబెట్టండి, పాత వజ్రం గుర్తును, డ్రై ఐస్ లేబుల్‌ను చింపేయండి లేదా పూర్తిగా కప్పేయండి. ఖాళీ పెట్టె మీద యూఎన్ 3373 కనిపిస్తే కార్గో వాళ్లు దాన్ని నిండు పెట్టెగానే చూస్తారు.