కారు సస్పెన్షన్ పాఠాలు – 5: స్ట్రట్ టవర్ బ్రేస్ బిగించడం

పోయిన పాఠంలో స్ట్రట్ మౌంట్లు (స్ట్రట్ పైకొనను బాడీకి పట్టి ఉంచే రబ్బరు భాగాలు), బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) పరీక్షించడం చూశాం. ఆ పని ముగించాకే ఇందులోకి రండి. బ్రేస్ అంటే బానెట్ కింద రెండు స్ట్రట్ టవర్లనూ కలిపే కడ్డీ. అరిగిపోయిన మౌంటు మీద బ్రేస్ బిగిస్తే చప్పుడూ పోదు, బండికి నిలకడా రాదు, డబ్బు మాత్రం పోతుంది.

బ్రేస్ చేసే పని చిన్నదే. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) ఉన్న కారులో ముందు చక్రం నుంచి వచ్చే తోపుడు స్ట్రట్ పైకొన దగ్గర, అంటే బాడీలో దాన్ని పట్టి ఉంచే టవర్ మీద పడుతుంది. కడప నుంచి రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాటులో మలుపు తిరిగేటప్పుడు బరువంతా బయటివైపు చక్రం మీదికి వస్తుంది, అటువైపు టవర్ కంటికి కనిపించనంత కదులుతుంది. ఆ మేరకు చక్రం కోణం మారుతుంది. రెండు టవర్లనూ కలిపే కడ్డీ ఆ కదలికను తగ్గిస్తుంది. స్టీరింగ్ తిప్పితే ముందుభాగం కాస్త త్వరగా మాట వింటుంది, అంతే. గుంతల్లో కుదుపు తగ్గదు. బాడీ గట్టిగా ఉన్న కొత్త కార్లలో తేడా తెలియకపోవచ్చు. ఇంకో సంగతి: ఒకవైపు గట్టిగా గుద్దుకుంటే ఆ దెబ్బ కడ్డీ మీదుగా రెండో టవర్‌కూ చేరగలదు.

కొనేటప్పుడు మీ మోడల్‌కే చేసినది తీసుకోండి. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అన్నది వద్దు. కడ్డీ చివర బోల్టు మీద మడత తిరిగే రకం కంటే, బ్రాకెట్‌తో కలిపి వెల్డింగ్ చేసిన రకం గట్టిది. మడత దగ్గర రంధ్రం కాస్త సాగినా టక్‌టక్ మొదలవుతుంది. బానెట్ ఎత్తి టవర్ పైభాగం చూడండి. మధ్యలో స్ట్రట్ లోపలి కడ్డీ నట్టు, దాని చుట్టూ రెండో మూడో చిన్న నట్లు ఉంటే ఈ పాఠం మీకు పనికొస్తుంది. కొన్ని కార్లలో మధ్యనున్న ఒకే నట్టు స్ట్రట్‌ను పట్టి ఉంచుతుంది. వాటికి వేరే పద్ధతి కావాలి, ఇక్కడ చెప్పింది చేయకూడదు.

మధ్య నట్టును ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయొద్దు. దాని కింద స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కుకుని ఉంటుంది. అది ఊడితే చేతులు, ముఖం దక్కవు. దాని మీద ఒక టేపు ముక్క అంటించి పని మొదలుపెట్టండి. పొరపాటున పానా అటు పోకుండా ఉంటుంది.

కారును జాకీ మీద ఎత్తకూడదు. నాలుగు చక్రాలూ సమతలం మీద ఉండాలి. కడప బండలు పరిచిన వాకిలి దీనికి బాగుంటుంది, అదీ వాలు లేకపోతేనే. చక్రాలు నేల మీదుంటే కారు బరువే మౌంటును టవర్‌కు అదిమి ఉంచుతుంది. ఎత్తి ఉంచి నట్లన్నీ తీస్తే స్ట్రట్ కిందికి జారుతుంది. పైగా చక్రాలు వేలాడే స్థితిలో బిగించిన కడ్డీ, బండి దిగాక లాగుడులో పడుతుంది. మన ఎండలకు మధ్యాహ్నం ఇంజిన్ దగ్గర చేయి పెట్టలేం. పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఇనుప కడ్డీ పాజిటివ్ టెర్మినల్‌కు తగిలితే నిప్పు రవ్వలు వస్తాయి.

ఎం8 స్టడ్డుకు (నట్టు ఎక్కే 8 మిల్లీమీటర్ల మరమేకు) 12 లేదా 13 సైజు, ఎం10కు 14 లేదా 17 సైజు సాకెట్ పడుతుంది. నల్లరేగడి దుమ్ము మరల్లో గట్టిగా పట్టి ఉంటుంది, వైర్ బ్రష్‌తో దులిపి నట్లు తీయండి. టవర్ పైభాగాన్ని గుడ్డతో తుడవండి, పెయింటు మాత్రం గీకొద్దు, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. బ్రాకెట్ పెట్టి నట్టు వేళ్లతో తిప్పండి. నట్టు పూర్తిగా ఎక్కాక రెండు మరలైనా బయట కనిపించాలి. కనిపించకపోతే బ్రాకెట్ ఆ కారుకు మందం ఎక్కువ, దాన్ని తిరిగి ఇచ్చేయడమే మేలు.

కడ్డీ విడిగా వచ్చే రకమైతే, రెండువైపులా బ్రాకెట్లు వదులుగా ఉండగానే కడ్డీ కూర్చోబెట్టి దాని బోల్టులూ వేళ్లతోనే ఎక్కించండి. రంధ్రాలు కలవకపోతే సుత్తితో కొట్టకండి, గడ్డపారతో ఎత్తకండి. నట్లన్నీ వదులు చేసి బ్రాకెట్లను అటూఇటూ జరపండి. ముందుభాగాన్ని రెండుమూడుసార్లు కిందికి నొక్కి వదలండి. కడ్డీ బలవంతం లేకుండా తనంతట తాను కూర్చోవాలి. పొడవు సర్దే రకమైతే లాగుడు, తోపుడు రెండూ లేని చోట ఆపండి. ‘టైట్‌గా తిప్పితే మంచిది’ అనే మాట షెడ్లలో వినిపిస్తుంది, అది తప్పు. టవర్లను ఎడంగా తోసి పెడితే చక్రాల కోణం చెడుతుంది.

ఇప్పుడు టవర్ నట్లు ముందు, ఒక్కొక్కటి కొద్దికొద్దిగా, వంతులవారీగా బిగించండి. కడ్డీ బోల్టులు ఉంటే అవి చివర. ఎంత బలం పెట్టాలో కారు సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. మామూలు 8.8 గ్రేడు (బోల్టు బలం గుర్తు) ఎం8కు సుమారు 25, ఎం10కు సుమారు 45–50 న్యూటన్ మీటర్లు పడతాయి, కానీ మాన్యువల్ మాటే ఫైనల్. టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా) లేకపోతే అద్దెకు తెచ్చుకోండి. ఎక్కువ బిగిస్తే స్టడ్డు మౌంటులోంచి వదులై నట్టుతోపాటే తిరుగుతుంది, మొత్తం స్ట్రట్ దించాల్సి వస్తుంది. నైలాన్ రింగు నట్లయితే కొత్తవే వాడండి.

బానెట్ దబాలున వేయకండి. కవర్లో చుట్టిన చపాతీ పిండి ముద్దలు కడ్డీ మీద మూడుచోట్ల పెట్టి మెల్లగా దించి ఎత్తండి. ముద్ద 10 మిల్లీమీటర్ల కంటే పలచబడితే బానెట్ తగిలే ప్రమాదముంది. ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి దానికీ కడ్డీకీ 20 మిల్లీమీటర్లైనా ఉంచండి. ఏసీ పైపు, బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా తగలకుండా చూసుకోండి.

బ్యాటరీ వైరు తిరిగి పెట్టి, ప్రతి నట్టు మీదుగా బ్రాకెట్ వరకు గోళ్ల రంగుతో ఒక గీత గీయండి. 100 కిలోమీటర్లు నడిచాక గీత విరిగిందేమో చూడండి. విరిగితే నట్టు తిరిగినట్టు. గీత విరగకపోయినా టార్క్ ఒకసారి సరిచూడాలి, ఎందుకంటే బ్రాకెట్ కింది పెయింటు అణిగితే నట్టు తిరగకుండానే బిగువు తగ్గుతుంది. నట్లు తీసి పెట్టినందున క్యాంబర్ (చక్రం నిలువు వాలు) కొద్దిగా మారి ఉండొచ్చు, అలైన్‌మెంట్ కూడా చూపించండి. కాగితం మీద అంకెలు అడిగి తీసుకోండి, ఆ అంకెలు చదవడం ఆరో పాఠంలో.